ఆరు తొమ్మిదులు

అజీజ్ నంబరు మిషన్ పిడి మీద అరచేత్తో నొక్కాడు. లేబులు మీద ఆరంకెల నంబరు పడింది. మిషన్‌లో చక్రం కదిలి తర్వాతి నంబరు తనంతట తానే వచ్చి కూర్చుంది. పటాన్‌చెరులోని ఆ మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ముల లేబుళ్లకు నంబర్లు కొట్టడమే అతని పని. అరచేతి మధ్య కాయ కాసి, అక్కడ టీ గ్లాసు వేడి కూడా తెలియదు. పక్క స్టూలు మీద రాజవ్వ ఆ లేబుళ్లకు జిగురు రాస్తుంది.

ల్యాబులో పనిచేసి వెళ్లిపోయిన చంద్రకాంత్ ఒకసారి టీ తాగుతూ ఒక సంఖ్య చెప్పాడు. 142857. రెండుతో హెచ్చవేస్తే 285714, మూడుతో వేస్తే 428571. ఆరు దాకా ఎంతతో హెచ్చవేసినా అవే అంకెలు, అదే వరుస. మొదలయ్యే చోటే వేరు. ఏడుతో వేస్తే మాత్రం అన్నీ తొమ్మిదులే. అజీజ్‌కు నవ్వొచ్చింది. పొద్దున షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు, రాత్రి షిఫ్టు, మళ్లీ పొద్దున. ఎవరో తన బతుకునే లెక్కగట్టినట్టుంది.

భార్య అక్తరీకి చూపు పోయాక, రాత్రి షిఫ్టు తప్పించమని షిఫ్టులు చూసే ప్రేమలత మేడంను ఆరుసార్లు అడిగాడు. "చూద్దాం, మనుషుల్లేరు, వచ్చే నెల రా" అందామె. తర్వాతిసారి "మనుషుల్లేరు, వచ్చే నెల రా, చూద్దాం." ఆ తర్వాతిసారి "వచ్చే నెల రా" అన్నది ముందుకొచ్చింది. అవే మాటలు అలా గిర్రున తిరుగుతుంటే అజీజ్‌కు ఆ సంఖ్యలాగే ఏడోసారికి జవాబు మారుతుందని ఒక పిచ్చి నమ్మకం పట్టుకుంది. ఏడోసారి అడగడాన్ని మిషన్‌లో తొమ్మిదులు వచ్చే రోజు దాకా ఆపుకున్నాడు. ఆ రోజు ఇవాళే.

అలా ఆపుకున్న వారంలోనే, అతను రాత్రి షిఫ్టులో ఉండగా, అక్తరీ పొయ్యి దగ్గర తడుముకుంటూ చెయ్యి కాల్చుకుంది. ముందే అడిగి ఉంటే దొరికేదని కాదు. అడిగి ఉండాల్సింది. ఆ మాటే అతన్ని తినేస్తోంది.

టీ వేళకు వెళ్లి అడిగాడు. కాలిన చెయ్యి సంగతి చెప్పాడు. మేడం కంప్యూటరు నుంచి తలెత్తి, నిజంగానే నొచ్చుకుంది. "చూద్దాం అజీజ్. మనుషుల్లేరు. వచ్చే నెల రా" అంది.

మొదటిసారి చెప్పిన వరుసే.

తిరిగొచ్చి మిగిలిన లేబుళ్లు కొట్టాడు. మిషన్‌లో 999999 వచ్చి నిలిచింది. ఇన్నాళ్లూ కాచుకున్న నంబరు. ఒక్కసారి నొక్కితే అది కాగితం మీద పడుతుంది, మిషన్‌లో అన్నీ సున్నాలొస్తాయి, మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. అతని చెయ్యి పిడి దాకా పోయి ఆగింది.

తల మీది ఫ్యాక్టరీ టోపీ తీసి మడిచి బల్ల మీద పెట్టాడు. టిఫిన్ డబ్బా అందుకున్నాడు.

"యాడికి అజీజ్ భాయ్? ఒక్కటే ఉన్నది గద, కొట్టి పో" అంది రాజవ్వ.

"నేను కొట్టనక్కా. ఇగ రాను. ఇంట్ల ఆమె ఒక్కతే ఉన్నది."

అతను గేటు దాటేదాకా రాజవ్వ చూసి, జిగురు డబ్బా మూత పెట్టింది. షిఫ్టు మారింది, కొత్తగా వచ్చినవాళ్లు దీపాలు వేసుకున్నారు. బల్ల చివర నంబరు మిషన్ ఆరు తొమ్మిదులతో అలాగే ఉంది, అతని అరచెయ్యి అరగదీసినంత మేర పిడి తెల్లగా మెరుస్తోంది.