ధారపోసిన నిద్ర

తెల్లవారక మునుపే లేచి, వాకిట కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, మడిబట్టతో వంటింట అడుగుపెట్టడం రాజరాజేశ్వరికి కాపురానికి వచ్చిన నాటినుండి అలవాటు. అయితే కొంతకాలంగా ఆమె లేవడం లేదు. లేవడానికి ముందు పడుకోవాలి కదా! రాత్రంతా గోడకు చేరగిలి కూర్చుని, పక్కగదిలోనుండి సన్నగా వినవచ్చే అత్తగారి గురక వింటూ, తొలికోడి కూయగానే చీపురు అందుకునేది.

ఆమె నిద్ర అత్తగారి దగ్గర ఉంది.

ఐనవిల్లి చెంతనున్న ఆ అగ్రహారంలో ఇది అందరూ ఎరిగిన సంగతే. మూడేళ్ళ కిందట అత్తగారు సోమిదేవమ్మగారు నూతిగట్టు దగ్గర జారిపడి తుంటి విరగగొట్టుకున్నారు. ఆ బాధకు బెదిరి ఆవిడ నిద్ర ఎటో పారిపోయింది. రాజరాజేశ్వరి నిద్ర మేలుజాతిది. బూరుగుదూది ఉండలా తెల్లగా, తేలికగా, పిలవకముందే వచ్చి తలగడ మీద ఒదిగేది. అత్తగారి మూలుగు వినలేక ఆమె, "నా నిద్ర తీసుకోండి అత్తయ్యగారూ" అంది.

మామగారు శరభయ్యగారు వేదాధ్యయనమే ఊపిరిగా బ్రతికిన మనిషి. ఇచ్చేది ఏదైనా విధిపూర్వకంగా ఇవ్వాలన్నారు. పంచపాత్ర, ఉద్ధరిణి తెప్పించి, సంకల్పం చెప్పి, 'ఇక ఇది నాది కాదు' అని కోడలి చేత మంత్రంలో అనిపించి, అత్తగారి దోసిట నీళ్ళు ధారపోయించారు. ఆ క్షణమే నిద్ర లేచి, గడప దాటి, ముసలావిడ పక్కలో చేరింది.

తుంటి అతికింది. పారిపోయిన నిద్ర కూడా సిగ్గుపడుతూ ఒకనాడు తిరిగివచ్చింది. అప్పటినుండి సోమిదేవమ్మగారికి రెండు నిద్రలు: కోడలిది రాత్రికి, తనది మధ్యాహ్నానికి. డెబ్బై దాటిన ఆవిడ ముఖం నెలనెలకూ నిగ్గుతేలి, మంచులో తడిసిన చేమంతివలె విప్పారింది. నలభై అయిదైనా నిండని కోడలికి కళ్ళకింద తిత్తులు దిగాయి, చెంపలు జారాయి, చూపు మసకబారింది. ఇచ్చినది తిరిగి అడుగుదామంటే అది దత్తాపహారం. ధారపోసినదాన్ని మరల కోరడం కంటె పాపం ఆ ఇంట మరొకటి లేదు. అందుచేత ఆమె అడగలేదు. అత్తగారు తనంతట ఇవ్వలేదు.

ఆ యేడు బండారులంకనుండి చీరల మూటతో సూరిబాబు వచ్చాడు. ఏటా వచ్చే తండ్రికి బదులు అతడు రావడం అదే మొదలు. అరుగు మీద మూట విప్పి, వంకాయరంగు చీర ఒకటి సోమిదేవమ్మగారి ముందు పరిచాడు.

"ఇది మీ ఒంటికి దీపంలా ఉంటదండి" అన్నాడు. తరువాత స్తంభం పక్కన కూర్చున్న రాజరాజేశ్వరిని గడ్డంతో చూపుతూ, గొంతు తగ్గించి, "పెద్దావిడ మీ అత్తగారాండీ? ఆరికి మెత్తటి నేత తీయమంటారా?" అని అడిగాడు.

సోమిదేవమ్మగారు పకపకా నవ్వారు. "ఓరి నీ కళ్ళు చల్లగుండా! అది నా కోడలురా!"

"అయ్ బాబోయ్, తప్పయిపోయిందండి! ఎండలో పడొచ్చేనండి, కళ్ళు బైర్లు కమ్మేయండి!" అని సూరిబాబు నాలుక కరుచుకున్నాడు.

రాజరాజేశ్వరి కూడా నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద పెట్టని పాలు పొంగాయేమోనని చాలాసేపు చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం భర్త శివరామకృష్ణ అమలాపురం హైస్కూలు నుండి సైకిలు దిగీ దిగగానే, "నన్ను కాకినాడ తీసుకెళ్ళండి" అంది.

"కంటి డాక్టరుకా?"

"కళ్ళకింద డాక్టరుకి."

అతడు సంస్కృతం చెప్పే ఉపాధ్యాయుడు. ముఖవర్ణనలు ఎన్నో చదివినవాడు. భార్య ముఖంలోకి సరిగా చూసి చాలాకాలమైందని అప్పుడే అతనికి తోచింది. మారుమాట లేక సరేనన్నాడు. ఇంట్లో మాత్రం కళ్ళజోడుకని చెప్పారు.

ఆ దారిలో గోదావరి మీద అప్పటికింకా వంతెన లేదు. ఎదుర్లంక దగ్గర పంటు ఎక్కి, నది దాటి, యానాం మీదుగా కాకినాడ చేరారు. ప్లాస్టిక్ సర్జన్ ప్రభాకరరావుగారు తొందర ఎరుగని మనిషి. అద్దం ఆమె చేతికిచ్చి, ఏయే మార్గాలున్నాయో వివరించారు. కింది రెప్ప వెంట్రుకల చాటున సన్నని గీత గీసి, ఆ తిత్తులలోని కొవ్వు తీసేయవచ్చు. పైరెప్ప వాలితే మడత కత్తిరించవచ్చు. చెంపలు మరీ జారితే చెవి పక్కగా చర్మం లాగి కుట్టవచ్చు, కాని ఆమెకు అంత అవసరం లేదు. మచ్చలకైతే పూత మందులున్నాయి.

"కత్తి ఎప్పుడూ ఆఖరి మాటమ్మా. వాపులుంటాయి, రక్తం గడ్డకట్టవచ్చు, ఒక్కోసారి రెప్ప కిందికి లాగినట్లవుతుంది. అన్నీ తెలిసి రావాలి. ముందు కొన్నాళ్ళు నేను చెప్పినట్లు చేయండి. ఊరగాయ తగ్గించండి. ఆ ఉప్పే పొద్దున్నకి కళ్ళకింద నీరవుతుంది. మంచినీళ్ళు బాగా తాగండి. ఆకుకూరలు, పళ్ళు తినండి. ఎండలోకి గొడుగు లేకుండా వెళ్ళకండి. పొద్దున్నే నడవండి. నిద్ర బాగా పడుతోందా?"

రాజరాజేశ్వరి ఒక్క క్షణం తలవంచుకుంది. ఇంటిగుట్టు బయట పెట్టడం ఆమె ఎన్నడూ ఎరుగదు.

"పడుతోందండి" అంది.

ఆమె ఆ నియమాలన్నీ వ్రతంలా పాటించింది. ఆవకాయ జాడీ వంక చూడడం మానింది. పొన్నగంటికూర, తోటకూర వండింది. వేకువనే కాలువగట్టు వెంట నడిచింది, ఎండెక్కితే గొడుగు వేసింది. ఒళ్ళు తేలికపడింది, చర్మం కొంత తేటపడింది. కళ్ళకింది తిత్తులు మాత్రం తాంబూలం సంచులవలె అలాగే వేలాడుతున్నాయి. ఆమె శస్త్రచికిత్సకు రోజు అడిగింది.

ఆ రోజు రానే వచ్చింది. పరగడుపున బల్ల మీద పడుకోబెట్టి, ప్రభాకరరావుగారు ఊదారంగు సిరాతో రెండు కళ్ళకిందా గీతలు గీశారు. ఆ కలం చల్లగా తగిలినప్పుడు ఆమెకు భయమేసింది. ఇన్నాళ్ళూ వెలితిని చూసుకున్నదే గాని కత్తిని తలచుకోలేదు. రెప్ప లాగుకుపోతే? ఎప్పటికీ మూయలేని కంటితో ఇంటికి వెళితే?

మత్తు డాక్టరు సూర్యావతిగారిది కొత్తపేట. సూది వేసి, "వందనుంచి వెనక్కి లెక్కపెట్టండమ్మా, సగందాకా కూడా రాలేరు" అని నవ్వారు.

రాజరాజేశ్వరి శ్రద్ధగా లెక్కపెట్టింది. ఒకటి దాకా వచ్చి, "ఇప్పుడేం చెప్పమంటారండీ?" అని అడిగింది.

డాక్టర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సూర్యావతిగారు ఆమె నుదుటి మీద చేయివేసి, రెప్పలెత్తి చూసి, పెదవి విరిచారు.

"లాభం లేదండీ డాక్టరుగారూ. నా మందు మనిషిని గుమ్మందాకా తీసుకెళ్తుంది. లోపల నిద్ర ఉండొద్దూ? ఈవిడ నిద్ర ఈ ఊళ్ళోనే లేదు." తరువాత ఆమె వంక వంగి, "ఎక్కడ పెట్టొచ్చేరమ్మా?" అన్నారు.

"మా అత్తయ్యగారి దగ్గరుందండి. ధారపోసేశాను."

"ముందు చెప్పొద్దా అమ్మా!" ప్రభాకరరావుగారు చేతి తొడుగులు విప్పేశారు. ఆయనకు కోపం రాలేదు గాని నొచ్చుకున్నారు. "పడుతోందని కదా అన్నారు! నిద్రలేని మనిషికి నేను కత్తి పెట్టను. పెట్టినా నిలవదు. ఆ తిత్తులు మళ్ళీ వస్తాయి."

ఆ మాటకు ఆమె గుండె సగం కుదుటపడింది, సగం కుంగింది. శివరామకృష్ణ వీధిలోని ఫోను బూత్ నుండి ఇంటికి మాట్లాడి వచ్చాడు.

"అమ్మే ఎత్తింది. అబద్ధం ఆడలేకపోయాను. ఉన్నదంతా చెప్పేశాను."

"ఏమన్నారండీ?"

"చివరిదాకా వింది. పెట్టేసింది."

పొద్దు పడమటికి వాలుతుండగా వరండాలో చేతికర్ర చప్పుడు వినవచ్చింది. సోమిదేవమ్మగారు! చంకలో బొంతగుడ్డ సంచి, మూతికి గట్టిగా బిగించిన తాడు. తుంటి విరిగిననాటినుండి ఊరు దాటని మనిషి, ఒక్కర్తీ గోదావరి దాటి వచ్చారు. మంచం పక్కనున్న నర్సు అప్రయత్నంగా ఆవలించింది.

"ఒసే, దీన్ని తేవడం నా తరం కాలేదే!" అని ఆవిడ స్టూలు మీద కూలబడ్డారు. "ముమ్మిడివరం దాటేసరికి బస్సు బస్సంతా నిద్రోయింది. కండక్టరు నా భుజమ్మీద పడి గుర్రు. ఆ డ్రైవరు కుర్రాడు 'మామ్మగారో, మీకు దణ్ణమెడతాను, ఆ సంచి మూతి బిగించండీ, నాకు తూగొచ్చేత్తంది' అన్నాడు. పంటు మీద పడవవాళ్ళు సరేసరి. గోదారే మమ్మల్ని అవతలొడ్డుకి తోసింది."

రాజరాజేశ్వరికి నవ్వు రాబోయి ఆగింది. అత్తగారి దృష్టి తన కళ్ళకింద నిలిచింది.

"ఏవిటే ఆ గీతలు?"

"డాక్టరుగారు గీశారండి."

"కోయడానికా?"

ఆమె తలూపింది. సోమిదేవమ్మగారు వేలితో ఒక గీతను తాకారు. సిరా అంటిన వేలిని చూసుకుని, పమిటచెంగుతో తుడుచుకోకుండా అలాగే ఉంచుకున్నారు.

"అడిగితే ఇవ్వకపోదునా?"

"ధారపోసింది ఎలా అడగనండి, అత్తయ్యగారూ?"

"అడగలేవు. మీ మామగారి శాస్త్రం నీకు నోరు కట్టేసింది. మరి నా నోరెవరు కట్టేశారు? నాకు తెలుసే. రోజూ నీ మొహం చూస్తూనే ఉన్నాను." ఆవిడ సంచిని ఒళ్ళోకి తీసుకుని నిమిరారు. "నా నిద్రలో ఏముందనుకున్నావ్? ఆ నూతిగట్టే. పడడం, పడడం, మళ్ళీ పడడం. నీ నిద్రలోనో, మీ పుట్టింటి రాజోలు ఏటిగట్టు. మీ అమ్మ."

రాజరాజేశ్వరి లేచి కూర్చుంది. ఆమె తల్లి పోయి ఇరవై యేళ్ళు దాటింది. అత్తగారూ ఆవిడా వియ్యాలవారి మర్యాదలతో పెళ్ళిపీటల దగ్గర ఒక్కమారు పలకరించుకున్నారు, అంతే.

"తలంటుకుని, జుట్టు ఆరబోసుకుని రేవుమెట్ల మీద కూర్చునుంటుంది. రండి వదినగారూ అని పక్కన చోటిస్తుంది. పనసతొనలు వొలిచిపెడుతుంది. నా పుట్టినిల్లు గోదారి పట్టుకుపోయిందే అమ్మాయ్, నాకంటూ ఒకళ్ళు అలా చోటిచ్చి ఎన్నేళ్ళయిందో! అందుకే ఇవ్వలేకపోయాను. కానీ ప్రతిరాత్రీ నేను లేచొచ్చేముందు ఒకటే అడుగుతుంది: మా పిల్ల వేళకి నిద్రపోతోందాండీ అని. నేను ఆయ్ అంటాను." ఆవిడ సంచి తాడు ముడిని వేలితో తడిమారు. "ఆవిడ కూతురి నిద్రలో పడుకుని, ఆవిడతోనే ఆ అబద్ధం ఆడేను."

సూర్యావతిగారు స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆవిడ చేతికిచ్చారు. ఎందుకో చెప్పనవసరం లేకపోయింది.

"చెయ్యి పట్టవే" అన్నారు సోమిదేవమ్మగారు. భర్త నోట విని విని వచ్చిన సంకల్పాన్ని తడబడుతూ చెప్పి, 'ఇక ఇది నాది కాదు' అనే మంత్రాన్ని మాత్రం స్పష్టంగా పలికి, కోడలి దోసిట నీళ్ళు వదిలారు. సంచి తాడు తనంత తానే జారింది. తెల్లనిదేదో తలగడ మీదికి దూకి, మూడేళ్ళ ఎడబాటుకు అలిగినట్టు ఒకసారి అటు తిరిగి, ఇటు తిరిగి, పాత గుంటలో ఒదిగింది.

రాజరాజేశ్వరి ఒరిగిపోయింది.

రాజోలు రేవులో నీళ్ళు మెరుస్తున్నాయి. తల్లి తడిజుట్టు విదుల్చుకుంటూ తలెత్తి చూసింది. కూతుర్ని ఆనవాలు పట్టి, ఒళ్ళో చోటిచ్చి, ఆమె వెనకకు తొంగిచూసి అడిగింది: "మీ అత్తగారు రాలేదేమే ఇవాళ?"

ఆమె మేలుకునేసరికి మరునాటి ఎండ కిటికీ దాటి మంచం మీదికి పాకింది. ప్రభాకరరావుగారు అద్దంతో నిలబడి ఉన్నారు. ఊదా గీతలు గీసినచోటే ఉన్నాయి. వాటికింద తిత్తులు ఎండిన చెరువుల్లా చదునై, గీతలు దేనికి గట్లో తెలియకుండా ఉన్నాయి.

"కోయడానికి నాకేం మిగల్చలేదమ్మా మీరు" అన్నారాయన, చాలాకాలానికి సెలవు దొరికినవాడిలా నవ్వుతూ. "నాలుగు ముడతలున్నాయి. అవి మీ వయసువి, ఉండనివ్వండి. నడకా గొడుగూ మానకండి. ఆవకాయ కొంచెం వేసుకోవచ్చు."

శివరామకృష్ణ దూదిని స్పిరిట్లో ముంచి, ఎవరికీ ఇవ్వకుండా తానే ఆ గీతలు తుడిచాడు. తుడవవలసినదానికంటె ఎక్కువసేపే తుడిచాడు.

తిరుగుప్రయాణంలో పంటు మీద అత్తాకోడళ్ళు ఒకే గొడుగు కింద కూర్చుని ఒక కొబ్బరిబొండాం పంచుకున్నారు. మరుసటి యేడు సూరిబాబు వచ్చి, ఈసారి తొందరపడకుండా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ముందు మీరే చెప్పండి, ఎవరెవరో" అన్నాడు. ఇల్లంతా నవ్వింది.

సోమిదేవమ్మగారి ముఖాన ముడతలు మళ్ళీ తమ చోట్లకు వచ్చాయి. ఆవిడ వాటిని పట్టించుకోలేదు. అయితే మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇల్లు సద్దుమణిగే వేళ, రాజరాజేశ్వరి తన గదిలోనుండి తెల్లనిదేదో రెండుచేతులా ఎత్తుకువచ్చి అత్తగారి తలగడ మీద దించడం నిత్యమూ జరిగేది. పగలు తనకు దానితో పనిలేదు. సాయంత్రం దీపాల వేళకు అదే తిరిగివచ్చేది. పంచపాత్ర మాత్రం ఎవరూ తేలేదు, నీళ్ళు ఎవరూ పోయలేదు.

"ఎందుకే రోజూ?" అని ఆవిడ ఒకనాడు మొహమాటపడ్డారు.

రాజరాజేశ్వరి దుప్పటి సర్ది, కిటికీ రెక్క దగ్గరగా వేసింది.

"వేళకి నిద్రపోతున్నానని చెప్పండి అత్తయ్యగారూ" అంది. "ఈసారి అబద్ధం కాదు."