తడికలు గట్టు దాటిన సాయంత్రం

పొద్దు వాలేసరికి తడికలు మోయడం ఆమె వంతు. నిన్నటి చోట పీకి, పక్కన పాతి, మేకల్ని లోపలికి తోలితే తెల్లారేసరికి ఆ జాగా అంతా పెంటికల ఎరువు. కోతలయ్యాక విత్తనం పడేదాకా, మంద పొలమంతా అలా తిరగాల్సిందే. మేకలకు మేత గట్టు మీది అవిసె చెట్లు. కొమ్మ కొట్టేదీ ఆమే. ఇంత చాకిరీకీ ఇంట్లో ఉన్న పేరు 'సరదా'. పెట్టింది మొగుడు మహానుభావుడు. పైరు ఏపుగా ఎదిగితే తన చేతి చలవ, ఎదగకపోతే విత్తనాల తప్పు.

ఓ మధ్యాహ్నం అన్నం తింటూ తేల్చేశాడు. మేకల్ని అమ్మేద్దాం, చెట్లు కొట్టేద్దాం, గట్టు వారగా ఇంకో రెండు సాళ్లు వస్తాయి. "నీకూ కాస్త తీరిక" అన్నాడు, వరమిచ్చినట్టు. కోడలికి తీరికిస్తే నాలుక పెరుగుతుందిరా అంది అత్తగారు. ఇద్దరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే మూతి ముడిచిందంటారు, ఆ సంగతి కాపురానికొచ్చిన కొత్తలోనే తెలిసింది.

కంచాలు కడుగుతుంటే నిరుడు గుర్తొచ్చింది. జ్వరంతో మంచాన పడితే తడికలు కదిపే దిక్కులేక మంద ఒక్కచోటే ఉండిపోయింది. తూర్పు మూలకు చేరనే లేదు. ఆ మూల పైరు ముసలాడి గడ్డంలా పలచగా మొలిచింది. విత్తనాలమ్మినవాణ్ణి ఆయన తిట్టని తిట్టు లేదు. అసలు కారణం ఆమెకు తెలుసు. ఎవరైనా అడిగితేగా! పైగా ఆ మేకలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒక్క మేక పిల్లలూ, వాటి పిల్లలూ. అమ్మడానికి ఈయనెవరు?

గట్టవతలి చేను వరసకు పిన్నయ్యే ఆమెది. ఆవిడ ఏనాటి నుంచో బతిమాలుతోంది, మందను మా చేలో కట్టవే, మేతకు నా చెట్లు కొట్టుకో అని. మా పొలానికే చాలదు పిన్నీ అంటూ వచ్చింది ఇన్నాళ్లూ.

ఆ సాయంత్రం తడిక భుజానికెత్తుకుని గట్టెక్కింది.

"అటెక్కడికే? మన పొలం ఇటు" అన్నాడు మొగుడు.

"మీ పొలానికి మీ చేతి చలవుందిగా. నా సరదా నేను పిన్ని చేలో కట్టుకుంటాను."

"మరి మన పొలం?"

అవతల, కబురందుకున్న పిన్ని అప్పటికే తడికలకు గుంటలు తవ్వి ఉంచింది. ఆమె తడిక దించి, చెంగుతో మెడ తుడుచుకుంది.

"కావాలంటే అడగండి. పిన్ని తర్వాత మీ వంతు."