జంగయ్య మోకు

కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పినా జంగయ్య ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయలేదు. కల్లు గీయడానికెక్కిన తాటిచెట్టు మీంచి పడి మూడు రోజులైంది. ఆ సాయంత్రంలోగా ఆపరేషన్ జరగాలి. ఆయనేమో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఎల్‌బీనగర్ దవాఖానలో ఆ మంచం గీత వంతు. దిల్‌సుఖ్‌నగర్ నర్సింగ్ కాలేజీలో మూడో ఏడాది చదువుతోంది. రోగి మనసుకు ధైర్యం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకొమ్మని నాగేశ్వరి మేడం ఆధ్యాత్మిక సేవ పాఠం చెప్పి, అడగాల్సిన ప్రశ్నల కాగితం ఇచ్చింది. మన గీత దాన్ని రెండు నిమిషాల్లో నింపేసింది. దేవుడు వెంకటేశ్వరస్వామి, చేయాల్సింది ప్రార్థన. దిండు పక్కన పటం కూడా పెట్టింది. జంగయ్య దాన్ని బోర్లించేశాడు.

మేడం కాగితం చదివింది. "ఇవన్నీ ఆయన్ని అడిగే రాశావా?"

"అడిగేదేముంది మేడం? మా దిక్కోళ్లే. మావోళ్ల సంగతి నాకు తెల్వదా?"

మాటలో ముల్లుంది. బయట బంద్, జై తెలంగాణ నినాదాలు. బస్సుల్లేక సరూర్‌నగర్ నుంచి నడిచొచ్చింది గీత. గుంటూరు నుంచి వచ్చిన ఈవిడా మా దేవుళ్ల గురించి నాకు చెప్పేది అని ఉడికిపోయింది.

మేడం కోప్పడలేదు. మంచానికీ గోడకీ మధ్య స్టూలు ఇరికించుకుని జంగయ్య ముఖానికెదురుగా కూర్చుంది.

"నాకేమీ తెలీదండీ. చెట్టెక్కే ముందు ఏం చేస్తారు మీరు?"

జంగయ్య కళ్లు మూసుకున్నాడు. ఆవిడ కదల్లేదు, గడియారం చూడలేదు.

"మోకు కండ్లకద్దుకోని మా చెట్లెక్కేటోళ్ల దేవుడు కాటమయ్యకు మొక్కుతం," అన్నాడు చివరికి.

"మోకంటే ఏంటండీ?"

మూడు రోజులుగా మూసుకున్న నోరు తెరుచుకుంది. చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకునే తాడట. తండ్రి చేతి నుంచి వచ్చిందట. "బంద్ మొదలైతదని జల్ది జల్ది ఎక్కిన. ఆ దినం మొక్కలే. కాటమయ్య ఇడిసిపెట్టిండు. ఇగ ఈ కాలెందుకు?"

గీతకు సిగ్గేసింది. "పెద్దయ్యా, మోకు ఏడుంది?"

"గేటు కాడ," అంది కింద కూర్చున్న ఆయన భార్య లచ్చమ్మ. "లోపలికి తేనియ్యలే."

"వెళ్లు. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు," అంది మేడం.

గీత పరుగెత్తి, వాచ్‌మన్‌తో పోట్లాడి, కల్లు వాసన కొడుతున్న గోనెసంచి మోసుకొచ్చింది. మోకు తీసి రెండు చేతులతో అందించింది. జంగయ్య కళ్లకద్దుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "తప్పైంది, కాటమయ్యా." కోపంగా వస్తున్న హెడ్ నర్సును మేడం తలుపు దగ్గరే ఆపేసింది. అలాంటి గురువు దొరకడం గీత అదృష్టం. ఆ సంగతి ఆ పిల్లకు అప్పటికి గానీ తెలిసిరాలేదు.

ఏడుపు తగ్గాక జంగయ్య బొటనవేలు చాపాడు. "ఏడ ఎయ్యాలె, బిడ్డా?"

గీత ఆ వేలికి ఇంకు రాసింది. ముద్ర పడ్డాక తన ప్రశ్నల కాగితం చించేసి, కొత్తది తీసుకుని, మేడం కూర్చున్న స్టూలు మీద కూర్చుంది.

"మొదటి నుంచి చెప్పు, పెద్దయ్యా," అంది. "నాకు తెల్వదు."