సక్రి కూడబెట్టిన కరెంటు

పత్తి ఏరే కాలంలో సక్రి ఇంటికి రాగానే ముందు బోరింగు పట్టుకునేది. పొద్దంతా నైలాన్ చీరకు ఎండు పత్తి రాసుకుని ఒంట్లో పోగైన కరెంటు చిటుక్కుమని ఇనుములోంచి భూమిలోకి దిగేది. ఆ తర్వాతే చంటివాణ్ని ఎత్తుకునేది. తండాలో ఎవరి టార్చి ఆరిపోయినా, ఆమె బోరింగు ముట్టేలోపే తెచ్చి చేతిలో పెట్టేవారు, అది వెలిగేది.

ఆ గురువారం వైరా హాస్టల్ నుంచి కూతురు భాను ఫోన్ చేసింది.

"సోమవారం మనదిక్కు పిల్లలంత పత్తికి వస్తున్నరు యాడీ. నేనూ వస్త. నీ ఒక్కదానితోని ఏమైతది?"

"వద్దు బిడ్డా."

"నాల్గు రోజులే. మళ్ల పోత."

నిరుడు అట్లా వచ్చిన పిల్లలెవరూ మళ్లీ పోలేదు. ఇప్పుడు సక్రి పక్క సాలులోనే పత్తి ఏరుతున్నారు.

ఆ సాయంత్రం సక్రి బోరింగు ముట్టలేదు. రబ్బరు చెప్పులు విప్పలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విస్తరాకులో తిన్నది. చంటివాడు ఏడిస్తే మొగుడు రూప్‌సింగే ఎత్తుకున్నాడు. శనివారానికి ఆమె నడుస్తుంటే పత్తి పింజలు వెంట ఎగిరొచ్చాయి.

"నా టార్చికన్న జర ఇయ్యరాదే," అంది పక్కింటి ముత్యాలు.

"ఇయ్యను వదినా."

"కరెంటాఫీసోళ్లే నయం. రేపిస్తమని అబద్ధమన్న ఆడతరు."

ఆదివారం వైరా బస్సు కిటకిటలాడింది. సక్రి చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, గుంతగుంతకూ ఊగుతూ నిలబడింది.

"కడ్డీ పట్టుకో అమ్మా. పడితే నా నౌకరి పోతది," అన్నాడు కండక్టర్.

"పడను. నువ్వు టికెట్లు కొట్టుకో."

హాస్టల్ వరండాలో సక్రి కూతురి రెండు చేతులూ పట్టుకుంది. చిటపటమంది. భాను జడలు భుజాల మీంచి లేచి, మెల్లగా దిగాయి.

"ఇదంత నాకెందుకే యాడీ?"

"నీ కాడ ఉండనీ. శానా తిప్పలతోని కూడబెట్టిన. ఇనుము ముడితే పోతది."

కూతురి దోమతెర చిరుగు కుట్టి, బస్సెక్కి, కడ్డీ గట్టిగా పట్టుకుని వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున పిల్లలు బస్సెక్కారు. భాను సంచితో మెట్టు దగ్గర ఆగింది. మెట్టు ఎత్తు. తలుపు కడ్డీ పట్టుకోకుండా ఎక్కడం కుదరదు.

"జల్దీ రావే," పైనుంచి పిలిచారు.

చేయి చాపింది. కడ్డీకి జానెడు దూరంలోనే చేతి మీది నూగు లేచి నిలబడింది. భాను ఆ చేతిని వెనక్కి తీసుకుని చంకలో పెట్టుకుంది.

"మీరు పోండి. నాకు లెక్కల క్లాసుంది."

బస్సు కదిలిపోయింది. హాస్టల్ గేటు మూసి ఉంది. వాచ్‌మన్ వచ్చి తీసేదాకా భాను దాన్ని ముట్టకుండా బయటే నిలబడింది.