టిక్కు లేని పేర్లు

ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ ఒకటి మా పసరు మందును జూదంతో, తుపాకులతో కలిపి తాము డబ్బు వసూలు చెయ్యని సరుకుల జాబితాలో వేసింది. ఇది అన్యాయం. ఇందులో రెండో మాట లేదు.

మా తాత నాటి నుంచి గురజాల దగ్గర మా ఊళ్లో పచ్చకామెర్లకు పసరు పోస్తున్నాం. ఆదివారం పొద్దు పొడవక ముందు, పరగడుపున, మూడు వారాలు. ఆకు పేరు పైకి చెప్పకూడదు. డబ్బు అడగకూడదు. తగ్గినవాళ్లు బెల్లం, కొబ్బరికాయ తెచ్చిస్తారు. అప్పుడు పుస్తకంలో వాళ్ల పేరు పక్కన టిక్కు పెడతాను.

ఆకు ఎండబెట్టి పొడి చేసి ఆన్‌లైన్‌లో అమ్ముదామన్నది మా తమ్ముడి కూతురు సుప్రజ.

"డబ్బు అడగకూడదు కదే" అన్నాను.

"నువ్వు అడగవు పెదనాన్నా. ఫోను అడుగుద్ది."

ప్యాకెట్ మీద నా భార్య కోటేశ్వరమ్మ పేరు వేస్తానంది. ఆమె పోయి మూడేళ్లు. ఆ పేరు కోసమే ఒప్పుకున్నాను.

డబ్బు వసూలు కోసం సుప్రజ ఆ కంపెనీకి దరఖాస్తు పెడితే, నాలుగు రోజుల్లో కుదరదని జవాబు వచ్చింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. వసారాకూ గేటుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

"వాళ్లు మనల్ని చూడలా పెదనాన్నా" అంది సుప్రజ. "రోగం తగ్గిస్తామనే మందు ఏదైనా సరే, లైసెన్సు లేకపోతే వద్దంటారు. కొన్నోడికి తేడా వస్తే బ్యాంకుకు పోయి డబ్బు వెనక్కి లాక్కుంటాడు. అది కంపెనీ మెడకు చుట్టుకుంటది."

"మనిషిని చూడకుండా ఏంది ఈ తీర్పు?"

"ఒక్కొక్కర్ని చూసే తీరిక ఎవరికుంది? రకం చూసి ఆపేస్తారు."

మనిషితో మాట్లాడాలన్నాను. సుప్రజ ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి చివరికి ఆ కంపెనీలో పనిచేసే మన్సూర్ అనే అతన్ని పట్టుకుంది.

"ఏం ఆకండీ అది?" అన్నాడతను.

"చెప్పకూడదు."

"మరి పనిచేస్తుందని ఆధారం?"

"నలభై ఏళ్ల పుస్తకం ఉంది. ఊరూ పేరూ అన్నీ రాశాను."

"ఫొటోలు తీసి పంపండి ఆంజనేయులు గారూ. పైవాళ్లకు చూపిస్తా. నాకైతే నమ్మకం లేదు, ఏమీ అనుకోకండి."

పుస్తకం దులిపి ఇచ్చాను. సుప్రజ వసారాలో కూర్చుని ఒక్కో పేజీ ఫొటో తీసింది. నేను పక్కన నిలబడ్డాను. కాసేపటికి ఆమె చెయ్యి నెమ్మదించింది.

"టిక్కు లేనోళ్లు చానామంది ఉన్నారు పెదనాన్నా."

"తగ్గినాక ఎవడొస్తాడు? విశ్వాసం లేని జనం."

"ఈ అచ్చంపేట రామాయమ్మ?"

"రాలా."

"ఈయన?"

"రాలేదన్నాగా. నీకు ఫొటోలు తియ్యమని చెబితే లెక్కలెందుకే?"

ఇంకో పేజీ తిప్పి ఫోను ఒళ్లో పెట్టుకుంది. వంగి చూశాను. నా చేతిరాతే. కోటేశ్వరమ్మ. పేరు పక్కన మూడు ఆదివారాలకూ మూడు గీతలు. ఆ పక్కన ఏమీ లేదు.

అప్పుడు, రెండో ఆదివారం సాయంత్రం, ఆమెను నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోదామని సుప్రజ కారు తెచ్చింది. మూడోది కూడా పడనీ అన్నాను. కారు తిప్పి పంపించాను.

ఆ సంగతి సుప్రజ ఇప్పుడు ఎత్తలేదు. ఎత్తి ఉంటే తిట్టేవాణ్ణి.

"పంపమంటావా?" అని మాత్రం అడిగింది.

పుస్తకం లాక్కుని లోపలికి పోయాను.

ఆదివారం తెల్లవారుజామున రొంపిచెర్ల నుంచి జయపాల్ అని ఒకతను బండి వేసుకుని వచ్చాడు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. కోసి పెట్టిన ఆకు రోలు పక్కనే ఉంది.

"మంచినీళ్లు కూడా తాగలేదు బాబాయ్. తొందరగా పొయ్యి."

"పేట ఆసుపత్రికి పో. ఇప్పుడే పో."

"ఏంది, పసరు పొయ్యవా?"

"పొయ్యను."

"మా నాయనకు పోశావంటగా. నాకేం తక్కువ?"

వాళ్ల నాన్న పేరు పక్కన టిక్కు ఉందో లేదో నాకు గుర్తు రాలేదు. లోపలికి పోయి చూడలేదు. బండి తిప్పుకుని పోయేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. ఆకు తీసుకెళ్లి దిబ్బలో పారేశాను.

కంపెనీ చేసింది అన్యాయమే. అయితే ఆ జాబితా గురించి, ఆ పుస్తకం గురించి ఇక నన్నెవరూ అడగొద్దు. సుప్రజ అడిగినా సరే. చెప్పను.