పిశాచి నవల ఆఖరి ఫారం

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఐదుగురం ఉన్నాం. ముందు గదిలో బైండింగ్ బల్ల దగ్గర నాన్న. వంటింట్లో జిగురు కాస్తూ అమ్మ. లోపలి గదిలో మంచం మీద అత్త. అత్తకు బీపీ చూడటానికి వచ్చి, చూసేసి, వెళ్ళకుండా కూర్చున్న కాంపౌండరు. మంచం పక్కన స్టూలు మీద, ఒళ్ళో నవలతో నేను.

అత్త నాన్నకు అక్క. నాన్నకు పుస్తకం కుట్టడం నేర్పింది ఆవిడే. ముప్పై ఏళ్ళు కుట్టిన ఆ చేతులు ఇప్పుడు ఉబ్బిపోయి సూది పట్టవు. షుగరు ముందు కళ్ళను తీసుకుంది, తర్వాత కిడ్నీలను. వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో మిషను ఆవిడ రక్తాన్ని బయటికి లాగి, కడిగి, తిరిగి లోపలికి పంపేది. "నవల్లో పిశాచే నయమే. తాగేసి, మూతి తుడుచుకుని దాని దారిన అది పోతుంది. ఇది తాగిందంతా మళ్ళీ నాలోకే కక్కుతుంది" అనేది అత్త. పోయిన వారం రెండుసార్లు వెళ్ళలేదు. ఇక వెళ్ళనంది. నాన్న కాళ్ళావేళ్ళా పడితే, "ఈ నవల అయిపోనీరా, అప్పుడు చెప్తా" అంది.

అందుకే ఇల్లంతా నవల ఎప్పుడు అయిపోతుందా అని కాచుకుని కూర్చుంది.

అద్దె పుస్తకాల షాపు నుంచి బైండింగ్‌కు వచ్చిన పిశాచి నవలల్లో అది ఎనిమిదోది, ఆఖరుది. వెన్ను ఊడి ఫారాలన్నీ విడివిడిగా వచ్చేశాయి. ఫారం అంటే ఎనిమిది ఆకులు, పదహారు పేజీల మడత. ఒక్కో ఫారం అత్తకు చదివి వినిపించి, ముందు గదిలోకి పట్టుకెళ్ళి ఇస్తే, నాన్న దాన్ని మిగతావాటితో కలిపి కుట్టేవాడు.

మొదటి భాగం నుంచీ అత్తా నేనూ వాటికి అతుక్కుపోయాం. కథానాయిక నూట పద్దెనిమిదేళ్ళ పిశాచి; రక్తం తాగి బతుకుతుంది, ఎండ తగిలితే కాలిపోతుంది. మహానగరంలో రైల్వే స్టేషనులో, జనం మర్చిపోయిన సామాన్లు దాచే గదిలో ఉద్యోగం. గొడుగులు, కళ్ళజోళ్ళు, ఒక్కోసారి ఎవరో వదిలేసిపోయిన నీడ. అన్నిటికీ చీటీ రాసి అలమరలో పెడుతుంది. ఆమె పైవాటాలో ఉండే తోడేలు మనిషి పౌర్ణమి వస్తోందంటే, తనను లోపల పెట్టి తాళం వెయ్యమని గది తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెడతాడు. అవి చదివాక మా వీధి కూడా నాకు మునుపటిలా కనిపించలేదు. ఎండాకాలంలోనూ మఫ్లరు చుట్టుకునే పాలబూత్ మనిషి మెడ మీద ఏం గాట్లున్నాయో అనుకునేదాన్ని. బడిలో హాజరు పలకడానికి గొంతు పెగలని నేను, పిశాచి మాటలొస్తే మాత్రం పళ్ళు బయటపెట్టి బుసకొడుతూ చదివేదాన్ని. మరీ భయమేసే చోట అత్త నా మోకాలు గట్టిగా నొక్కి, "అబ్బ, మళ్ళీ చదువు" అనేది. జడుసుకోవడంలో ఇంత సుఖం ఉందని మాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆఖరి ఫారం ముందు రోజే దొంగతనంగా చదివేశాను. అందులో పిశాచి ఇక తాగనంటుంది. తోడేలు మనిషి తన చెయ్యి కోసుకుని సీసా నింపి ఇచ్చినా వద్దంటుంది. తెల్లవారుజామున స్టేషను మేడెక్కి తూర్పుకు తిరిగి కూర్చుంటుంది. చివరి పేజీలో బూడిద.

అది అత్తకు చదవలేననిపించింది. నా డైరీలో ఇంకో ముగింపు రాసుకున్నాను. పిశాచి సీసా అందుకుని తాగి, సోమవారం డ్యూటీకి వెళ్తుంది. తడుముకోకుండా చెప్పగలిగేదాకా బట్టీపట్టాను.

"ఇంకెంతుందమ్మాయ్?" అన్నాడు కాంపౌండరు.

"ఒక్క ఫారం."

"కానీ, కానీ. ఆ పిశాచి సంగతి తేలితే గానీ మీ అత్త సంగతి తేలేలా లేదు."

"నీకెందుకయ్యా అంత భయం? నీ మెడ ఎవరిక్కావాలి, అంతా ఎముకే" అంది అత్త.

ఫారం తెరిచి పట్టుకున్నాను. పేజీలు తిప్పుతూ నాది చెప్పాను. అయిపోయాక అత్త ముందు గది వైపు మొహం తిప్పింది.

"డ్యూటీకి వెళ్ళిందన్నమాట. సరే. ఒరేయ్ తమ్ముడూ, రేపు ఆస్పత్రికి బండి మాట్లాడు."

నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. కాంపౌండరు ఆయన వెనకే వెళ్ళాడు. వంటింట్లో అమ్మ ముక్కు చీదడం వినిపించింది.

"ఆ ఫారం ఇలా ఇవ్వు" అంది అత్త. బొటనవేలితో ఆకులు ఒక్కొక్కటే తడిమింది. "ఎనిమిదే ఉన్నాయి. ఎనిమిదిసార్లు తిప్పితే అయిపోవాలి. నువ్వు పదకొండుసార్లు తిప్పావు."

నేను తల దించుకున్నాను.

"పోయింది నా కళ్ళే పిల్లా, చెవులు కాదు. నీది బానే ఉంది. సీసా మూత రాక కోరతో లాగడం నాకు నచ్చింది. ఇప్పుడు ఇందులో ఉన్నది చదువు."

"వద్దత్తా."

"ముప్పై ఏళ్ళలో ఒక్క పేజీ తారుమారు చేసి బయటికి పంపలేదే నేను. చదువు."

చదివాను. బుసలు కొట్టలేదు, గొంతు మార్చలేదు. అత్త నా మోకాలు నొక్కలేదు. బూడిద దాకా వచ్చాక గట్టిగా ఊపిరి వదిలింది.

"మేడ మీద ఆ వెలుతురు గురించి ఏదో రాశారే, అది మళ్ళీ చదువు."

ఆ ముక్క మూడుసార్లు చదివించుకుంది. ఆవిడ మొహం అంత తేటగా ఉండటం ఆ నెలలో నేను చూడలేదు.

నాన్న రొప్పుతూ వచ్చాడు. "పొద్దున్న ఆరింటికల్లా వస్తాడక్కా."

"రావద్దని చెప్పరా."

"అదేంటి? ఇప్పుడేగా వెళ్దామన్నావు!"

"అప్పటికింకా పుస్తకం అవ్వలేదు."

నాన్న నా వైపు తిరిగాడు. "ఏం చదివావే?"

ఫారం ఇచ్చాను. నిలబడే చివరి పేజీ చూశాడు.

"ఉన్నదే చదివాను నాన్నా."

"ఎవరు చదవమన్నారు నిన్ను?"

"నేనేరా. దాన్నేం అనకు" అంది అత్త.

నాన్న నా భుజం పట్టుకుని గడప దాకా నెట్టుకొచ్చాడు. ఆయన పిడికిట్లో ఆ ఫారం ఉండలా నలిగిపోయింది. కాగితం మూల మడతపడితేనే ఓర్చుకోలేని మనిషి.

"అక్కా, ఒక్కసారి నా మాట విను" అని లోపలికి తిరిగి అంటూనే, చూడకుండా నా మొహం మీద తలుపు వేసేశాడు.