దొరను ఏరు దాటించిన పొద్దు

మా కుక్కకు దొర అని పేరు పెట్టింది నేను కాదు, నా పెళ్లాం మునిరత్నమ్మ. ఒళ్లంతా తెలుపు, చెవులు మాత్రం మాడిన బెల్లం రంగు. యుద్ధం ముగిసిన ఏడు, ఎండాకాలంలో, కళ్లు సరిగా తెరవని దాన్ని కొంగులో వేసుకొచ్చింది. "మనం తినే సంగటికే దిక్కులేదు, దీనికెవురు పెడతారు?" అని అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటారు. అబద్ధం కాదు.

చంద్రగిరికి కోసెడు దూరంలో, స్వర్ణముఖి గట్టున మా చెరుకు గానుగ. కార్తీకంలో ఆడటం మొదలుపెడితే శివరాత్రి దాకా ఆడుతుంది. పుష్యమాసం పొద్దుల్లో ఏటి మంచూ, చెరుకు రసం కాగే కొప్పెర ఆవిరీ కలిసిపోయి ఏది ఏదో తెలిసేది కాదు. ఆ తెల్లదనంలో రెండెద్దులూ కనబడేవి, మాయమయ్యేవి, మళ్లీ కనబడేవి. ఎద్దుల వెనక రత్నమ్మ, ఆమె వెనక దొర. గానుగ చుట్టూ తిరిగి తిరిగి ఆ ముగ్గురి అడుగులకీ నేల గుండ్రంగా గాడి పడిపోయింది. నేను పొయ్యి దగ్గర కూర్చుని పాకం తిప్పుకునేవాణ్ణి. కొప్పెర వదిలి కదిలే వీల్లేదు. రెప్పపాటు ఏమరుపాటైతే పాకం మాడుతుంది, బెల్లం చేదవుతుంది.

ఆ మంచులోనుంచి ఒకరోజు నవ్వు వినిపించింది. రత్నమ్మ నవ్వు. దొర ఎద్దు తోకతో ఆడబోయి చెరుకు పిప్పిలో బొక్కబోర్లా పడిందట. నేను తెడ్డు పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. మూడేళ్లయింది ఆ నవ్వు విని.

మూడేళ్ల సంగతి కూడా చెప్పాలి. మాకొక కొడుకు, ధనంజయ. పదహారో ఏడు వచ్చేదాకా వాడంత బుద్ధిమంతుడు లేడు. ఆపైన ఏమొచ్చిందో, చెప్పిన మాట వినడు, వీధి నాటకం చూసి తెల్లారి వస్తాడు, ఎద్దుల్ని చేలో వదిలేసి ఎటో పోతాడు. ఒకరోజు కొప్పెర చూస్తుండమంటే మరిచిపోయి పాకమంతా మాడ్చాడు. "నా గానుగ నీడ గూడా తొక్కొద్దు, పో" అన్నాను. వాడు మూట కట్టుకుని పోయాడు. రాగిచేను మలుపు దగ్గర నిలబడి వెనక్కి తిరిగి చూశాడు. నేను చూశాను వాడు చూడటం. పిలవలేదు. రెండో కొప్పెర పొయ్యిమీద ఉంది, లేస్తే మాడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజు బెల్లం బాగా కుదిరింది.

కోలారు బంగారు గనుల్లో పనికి చేరాడని పలమనేరు పోయొచ్చిన బండివాళ్లు చెప్పారు. అంతే. వాడు పోయిన రోజునుంచి రత్నమ్మ నవ్వలేదు. మళ్లీ నవ్విందంటే ఆ కుక్క వల్లే.

అట్లాంటి కుక్కకు పదో నెల నిండేసరికి దెయ్యం పట్టినట్టయింది. మొన్నటిదాకా దొరా అంటే చాలు, తోకూపుకుంటూ కాళ్ల దగ్గరికొచ్చేది. ఇప్పుడు పిలిస్తే చెవిటివాడి ముందు శంఖమే. దూడల్ని తరుముతుంది, ఆరేసిన పంచె లాగుతుంది, రత్నమ్మ మీదికి ఎగిరి బిందె కింద పడేస్తుంది. తెల్లదొరలు సీమకు పోయే కాలం వచ్చిందని అందరూ అంటుంటే మా దొరకు అప్పుడే దొరతనం ఎక్కింది. మెడకు గుదికొయ్య కట్టి చూశాను. ఆ కొయ్యను ఈడ్చుకుంటూ పరిగెత్తి పక్కింటి సుబ్బులమ్మ మట్టి అటికె పగలగొట్టి వచ్చింది.

పక్క గానుగ శాంతయ్య మాత్రం నవ్వాడు. "మీసం మొలిసే వయసప్పా అది. మనిసికి పదహారేండ్లకు మొలిస్తే కుక్కకు పదినెల్లకే మొలుస్తాది. కొంచెం ఓర్సుకో."

ఓర్చుకోవడం నాకు చేతనైతే కదా! ఒక సాయంత్రం పాకం దింపి చెక్క దోనెలో పోసి ఆరబెట్టాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో, కోడిని తరుముకుంటూ వచ్చి నాలుగు కాళ్లతో దోనెలోంచి పోయింది. రోజంతా పడ్డ పాటు మట్టిపాలు.

"గోతంలో వేసి ఏటికవతలకు మోసుకుపోప్పా" అంది సుబ్బులమ్మ గోడ మీదినుంచి. "వదిలే ముందర గోతాన్ని మూడు సుట్లు తిప్పాల. దిక్కు మరిసిపోతాది, మళ్లీ ఇంటికి రాదు. మా పిల్లిని అట్నే వదిలినాము."

రత్నమ్మ వైపు చూశాను. ఆమె దోనె కడుగుతూ తలెత్తకుండా అంది: "అట్నే సెయ్యి. నీకు అలవాటే గదా."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తగిలినందుకు ఇంకా కోపం వచ్చింది నాకు.

మర్నాడు పొద్దున్నే ఆమె దొరకు సంగటిలో పాలు పోసి పెట్టింది. అది తిని నాకిన చిప్పను నీళ్లతో కడిగి గోడవారన బోర్లించింది. నేను కుక్కను గోతంలోకి తోసి భుజాన వేసుకున్నాను. తన్నుకుంటుందనుకున్నాను. అది మాత్రం ఏదో కొత్త ఆట అనుకుందో ఏమో, కదలకుండా పడుకుంది. నా వీపుకు దాని వెచ్చదనం తెలుస్తూనే ఉంది.

ఏట్లో మోకాలి లోతు నీళ్లు, మిగతాదంతా ఇసుక. అవతలికి చేరేసరికి మంచు ఎంత చిక్కబడిందంటే నా చెయ్యే నాకు కనబడలేదు. పైనా తెలుపే, కిందా తెలుపే. నేను నడుస్తున్నానో, ఏరే నా కింద నడిచిపోతూ ఉందో తెలియలేదు. ఈ రాక్షసికి మూడు చుట్లు ఎక్కడ చాలుతాయనిపించింది. ఏడుకొండలవాడి లెక్కన ఏడు చుట్లు తిరిగాను, గోతాన్ని పట్టుకుని, గట్టిగా. ఏడో చుట్టుకు ఇసుక పైకి లేచింది, మంచు కిందికి పోయింది. వెల్లకిలా పడ్డాను.

గోతం మూతి విడిపోయింది. దొర బయటికొచ్చి ఒళ్లు విదిలించుకుని తుమ్మింది. తిన్నగా, నాలుగు కాళ్ల మీద నిలబడింది. అప్పుడు బుర్రకెక్కింది నాకు. రెండు నెలలుగా పొద్దస్తమానం గానుగ చుట్టూ తిరిగిన కుక్కకు ఏడు చుట్లు ఒక లెక్కా? తల తిరిగింది మూడు దశాబ్దాలు పొయ్యి ముందు కదలకుండా కూర్చున్న నాకే. సుబ్బులమ్మ పిల్లి గానుగ చుట్టూ తిరిగింది కాదు.

లేచి నడిచాను. నీళ్లు తగిలాయి, వెనక్కి తిరిగాను. మళ్లీ నీళ్లే. ఇల్లు ఎటువైపో, కొండ ఎటువైపో, ఏమీ లేదు. పుట్టి పెరిగిన ఊరి ఏట్లో దారి తప్పిన మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. భయమేసింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

"దొరా!" అని కేకేశాను.

రాలేదు. పిలిస్తే రావడం ఎప్పుడో మానేసింది కదా. కానీ ముందర, మంచు లోపల, రెండు బెల్లం రంగు చెవులు కదిలాయి. నేను రెండడుగులు వేస్తే అది పదడుగులు పరిగెత్తింది. ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. మళ్లీ పరిగెత్తింది, మళ్లీ ఆగి చూసింది.

నేను చూస్తూ నడిచాను. ఇన్నాళ్లూ అది పరిగెత్తి పోవడమే చూశాను. దూడల వెంటపడినా, పంచె లాక్కుపోయినా, కొంతదూరం పోయి ఆగి తిరిగి చూసేది. నేను రాయి పుచ్చుకునేవాణ్ణి. అది పారిపోవడం కాదు. ఎంతదూరం పోతే నేను ఇంకా తన వెనక ఉంటానో చూసుకోవడం. రాగిచేను మలుపు దగ్గర మూటతో నిలబడి చూసిన చూపు కూడా అదే. నేను ఒక్కమాట, "రేయ్, రా" అని ఉంటే చాలు. కళ్లల్లో నీళ్లు తిరిగి, ఉన్న మంచు చాలనట్టు ఇంకా మసకైంది. తుడుచుకోకుండానే ఆ చెవుల వెంట నడిచాను.

గట్టెక్కేసరికి బెల్లం వాసన. రత్నమ్మ ఒక్కతే పొయ్యి వెలిగించి కొప్పెర తిప్పుతోంది. దొర నాకంటే ముందు పోయి ఆమె మీదికి ఎగిరింది. ఆమె తెడ్డు వదలకుండానే ఒక చేత్తో దాన్ని పొట్టకు అదుముకుని ఏడ్చింది. తర్వాత నన్ను చూసింది, తల నిండా ఇసుకతో, ఖాళీ గోతంతో.

"రత్నమ్మా, ఒక బెల్లం దిమ్మ గుడ్డలో కట్టియ్యి" అన్నాను.

"ఎవురికి?"

"కోలారు పోతా ఉండా. చంద్రగిరిలో పొద్దుటి బండి దొరుకుతాది. వాణ్ణి పిల్సుకోని వస్తా."

ఆమె చెయ్యి ఆగింది. కొప్పెరలో నురగ విరిగి పాకం ముదురుతోంది. తిప్పకపోతే ఇక పట్టుమని పది నిమిషాలు ఆగదు. ఆ వాసన ఇద్దరికీ తెలుసు.

ఆమె తెడ్డు పక్కన పెట్టి లేచింది. లోపలికి పోయి దిమ్మ తెచ్చి, తన పాత చీర చెంగు చింపి కట్టింది. దొర అప్పటికే రాగిచేను మలుపు దాకా పరిగెత్తి, అక్కడ ఆగి, నేను వస్తున్నానా లేదా అని వెనక్కి చూస్తోంది.

"పాకం?" అంది రత్నమ్మ.

"మాడనీ" అన్నాను.